ఒడ్డు లేని నీళ్ళు

సిరిసిల్ల నుంచి తంగళ్ళపల్లి వైపు పోతూ వంతెన మీద ఆగి చూస్తే మానేరు ఇప్పుడు వాగులా కనిపించదు. మాన్వాడ దగ్గర కట్టిన మధ్య మానేరు జలాశయం నిండిందంటే వెనక్కి తన్నిన నీళ్ళు పట్టణం అంచుదాకా వచ్చి నిలుస్తాయి. 25 టీఎంసీలు దాటి పట్టే ప్రాజెక్టు అది. 2016 సెప్టెంబర్ వానలకు, ఇంకా పని నడుస్తుండగానే, కట్టకు గండి పడింది. దాన్ని పూడ్చి, ఎత్తిపోతల నీళ్ళు తెచ్చి నింపాక ఈ ప్రాంతపు రూపే మారిపోయింది. చింతల్‌ఠాణా, కొదురుపాక లాంటి ఊళ్ళ పాత చోట్లు నీళ్ళ కిందికి పోయాయి. వంతెన కింద ఒకప్పుడు ఎండాకాలమంతా కనిపించింది ఇసుకే.

ఆ ఇసుకలో చెలిమె తోడిన చేతులు చుట్టుపక్కల ఊళ్ళలో ఇంకా ఉన్నాయి. గొంతుక్కూర్చుని రెండు చేతులతో మోచేతి లోతు తోడితే అడుగున తడి తగులుతుంది, ఇంకాస్త తోడితే ఊట. మొదట వచ్చే నీళ్ళు బురద. వాటిని ముంతతో తోడి పారబోయాలి. రెండోసారి ఊరినవీ పారబోయాల్సిందే. ఆ తర్వాత అడుగున ఇసుక పలుకులు లెక్కపెట్టేంత తేటగా నిలుస్తాయి. అప్పుడు బిందె మూతికి కొంగు కప్పి, చిన్న చెంబుతో, ఊట కదలకుండా ముంచుకోవాలి. తొందరపడితే కథ మళ్ళీ మొదటికొస్తుంది. వానాకాలపు నీళ్ళను ఎండాకాలానికి దాచిపెట్టే గాదె ఇసుక. ఆ సంగతి చెలిమె తోడిన ఆడవాళ్ళకు ఏ భూగర్భ జల శాఖా చెప్పనక్కర లేకపోయింది.

ఆ గాదెను లారీలకెత్తిన కథ అందరికీ తెలిసిందే. 2017 జూలైలో నేరెళ్ళ దగ్గర ఇసుక లారీ ఢీకొని ఒక మనిషి చనిపోతే, కోపం పట్టలేని జనం లారీలు తగలబెట్టారు. ఆ తర్వాత పట్టుకుపోయిన వాళ్ళను పోలీసులు చిత్రహింసలు పెట్టారన్న ఆరోపణ ఢిల్లీ దాకా పోయింది. మానేరులో పూడికతీత పేరుతో ఇసుక తవ్వకాల సంగతి నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ గడప తొక్కింది. కోర్టుల్లో, పత్రికల్లో నడిచిన వాదమంతా ఎన్ని లారీలు, ఎంత ఆదాయం, ఎవరి అనుమతి అన్న చుట్టే తిరిగింది. నది ఒడ్డు ఏమైందని అడిగినవాళ్ళు తక్కువ.

ఒడ్డంటే నీళ్ళు ఆగిపోయే గీత మాత్రమే అనుకుంటే పొరపాటు. గడ్డి, తర్వాత తడి మట్టి, తర్వాత చీలమండ లోతు, మోకాటి లోతు, నడుం లోతు అంటూ నీళ్ళు మనిషికి తమ లోతును అంచెలంచెలుగా చెప్పుకొనే చోటు అది. పశువు దిగి తాగి వెనక్కి రాగలిగేది దాని వల్లే. పిల్లలు ఈత నేర్చుకున్నదీ అక్కడే. యంత్రం దిగి ఇసుక ఎత్తుకుపోయిన చోట ఈ అంచెలు ఉండవు. ఒక అడుగు మోకాటి లోతు, రెండో అడుగు నిలువు లోతు. పైన నీళ్ళు మాత్రం రెండు చోట్లా ఒకే తీరుగా మెరుస్తాయి.

2021 నవంబర్‌లో సిరిసిల్ల మానేరులో, చెక్‌డ్యాం దగ్గర ఈతకు దిగిన బడిపిల్లలు ఆరుగురు మునిగిపోయారు. పట్టణాన్ని ఆనుకునే ఉన్న వాగు అది. తాతల కాలంలో అందులో ఎక్కడ దిగొచ్చో, ఎక్కడ మడుగు ఉందో ఊరందరికీ తెలుసు. చెక్‌డ్యాంలు, వెనక జలాలు, తవ్విన గుంతలు కలిసి ఆ తెలివిడిని పనికిరాకుండా చేశాయి. పిల్లలకు కొత్త లోతుల సంగతి చెప్పగలిగే పెద్దవాళ్ళకు కూడా ఆ లోతులు తెలియవు. ప్రపంచం మొత్తం మీద 2021లో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టింది. పోయినవాళ్ళలో సుమారు నాలుగో వంతు అయిదేళ్ళ లోపు పసివాళ్ళే. ఆ సంస్థ చెప్పే మందులు కూడా పెద్ద ఖర్చువి కావు: నీటి చుట్టూ అడ్డు, పిల్లలకు ఈత, ఒడ్డున కనిపెట్టి ఉండే మనిషి.

వాగు సంగతే ఇలా ఉంటే క్వారీ గుంత సంగతి చెప్పేదేముంది.

పాత కరీంనగర్ జిల్లా నేల కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి రాయి. అందులో ముదురు గోధుమ రంగు మీద ఎర్రటి చుక్కలున్న రకం ‘టాన్ బ్రౌన్’ పేరుతో ప్రపంచమంతా తిరుగుతోంది. గంగాధర, బావుపేట, కొత్తపల్లి, మల్కాపూర్ గుట్టల నుంచి దిమ్మెలుగా కోసి, లారీలూ రైళ్ళూ ఎక్కించి, కాకినాడ రేవు మీదుగా చైనాకు పంపిన రాయి అక్కడ పాలిష్ పట్టి ఇంకో దేశపు వంటింటి గట్టు అవుతుంది. సిరిసిల్ల వైపు తంగళ్ళపల్లి మండలంలోనూ క్వారీలూ క్రషర్లూ ఉన్నాయి. ప్రభుత్వానికి కట్టాల్సిన సీనరేజీ రుసుం ఎగవేత మీద దర్యాప్తులు నడిచాయి. 2022 నవంబర్‌లో కేంద్ర సంస్థలు కరీంనగర్‌లో సోదాలు కూడా చేశాయి. రాయి వెళ్ళిన దారిని ఇంత శ్రద్ధగా వెతికిన ప్రభుత్వాలు, రాయి లేచిన చోట మిగిలిన గుంతను ఒక్కసారి తొంగి చూసిన దాఖలా పెద్దగా లేదు.

వడ్డెర్లు చేత్తో కొట్టిన పాత బండలు వేరు. ఉలితో వరసగా గాళ్ళు తీసి, చీలలు దిగ్గొట్టి, సమ్మెటతో దెబ్బ వేస్తే బండ గీత గీసినట్టు చీలేది. కడీలు, గడప రాళ్ళు, ఇసుర్రాళ్ళు అక్కడ పుట్టినవే. మనిషి చేత్తో ఎంత తవ్వినా గుంత ఓ ఏడెనిమిది అడుగులు దిగేది. మోసుకు రావాలి కాబట్టి ఒక పక్క వాలు తప్పకుండా ఉండేది. వానాకాలం నిండి, చలికాలం కొంగలకు పనికొచ్చి, ఎండాకాలం ఎండిపోయే ఆ గుంతలు కొన్ని ఇప్పటికీ గుట్టల పక్కన కనిపిస్తాయి. చుట్టూ తంగేడు, గునుగు. బతుకమ్మ ముందు రోజుల్లో పూలకోసం పిల్లలు వెళ్ళేదీ ఆ పక్కకే.

డైమండ్ వైరు కోసిన గుంతకు ఆ వాలు ఉండదు. తాడులాంటి తీగ రాయిని నిట్టనిలువునా, అడ్డంగా కోసుకుంటూ పోతుంది. గోడ సున్నం కొట్టినంత నున్నగా, పైనుంచి కింది దాకా ఒకే తీరుగా ఉంటుంది. దిమ్మె ఎత్తిన ప్రతిసారీ ఒక మెట్టు మిగులుతుంది. ఆ మెట్టు ఎత్తు ఇంటి స్లాబు ఎత్తుకు తక్కువుండదు. పని నడుస్తున్నన్నాళ్ళు మోటార్లు నీళ్ళను తోడిపోస్తుంటాయి. రాయి రంగు బాగోకో, మార్కెట్ పడిపోయో, లీజు ముగిసో ఒకనాడు మోటారు ఆగుతుంది. రెండు వానాకాలాలు చాలు, గుంత నిండుతుంది. పొలాల బురద అందులోకి పారదు కాబట్టి నీళ్ళు తేటగా, నీలంగా ఉంటాయి. ఫోన్‌లో ఫొటో బ్రహ్మాండంగా వస్తుంది. దిగినవాడికి మాత్రం కాలు ఆనదు. పైన గోరువెచ్చగా ఉన్న నీళ్ళు రెండు బారల కింద ఒళ్ళు కొంకర్లు పోయేంత చల్లన. గోడకు నాచు. పట్టుకోవడానికి పొద లేదు, గడ్డి పోచ లేదు.

ఒక్క చోటు తప్ప. ప్రతి పెద్ద క్వారీలోకీ లారీ దిగడానికి ఒక బాట ఉంటుంది, గుంత అంచు నుంచి అడుగుదాకా వాలుగా. క్వారీ వాళ్ళు ర్యాంపు అంటారు. గుంతకు ఉన్న ఒకే ఒక్క ఒడ్డు అది. క్వారీ మూసే రోజున చాలా చోట్ల మొదట పోయేదీ అదే: దాని కింద కూడా అమ్ముడుపోయే రాయి ఉంటుంది కాబట్టి చివరి లాభంగా దాన్నీ కోసుకుపోతారు, లేదంటే పనికిరాని రాళ్ళు తెచ్చి అక్కడే గుమ్మరిస్తారు. గుట్ట పోయిందని బాధపడేవాళ్ళున్నారు. బాధపడాల్సిందే కానీ, పోయిన గుట్ట తిరిగి రాదు. ర్యాంపును ఉంచడం మాత్రం లీజు కాగితంలో ఒక్క వాక్యంతో అయ్యే పని.

చట్టాలు లేక కాదు. తెరిచిన గని పైఅంచుకు గట్టి కంచె ఉండాలని 1961 నాటి మెటాలిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్ చెబుతున్నాయి. అయిదు హెక్టార్ల లోపు చిన్న లీజులకు కూడా పర్యావరణ అనుమతి తప్పదని సుప్రీంకోర్టు 2012లో దీపక్ కుమార్ కేసులో తేల్చింది. గని పని ముగిశాక ఆ నేలలో మళ్ళీ గడ్డీ మొక్కలూ మొలిచేలా చేసి వెళ్ళాలన్న షరతు పెట్టమని 2020 జనవరిలో కేంద్రాన్ని ఆదేశించింది. ఇన్ని ఉన్నా గుంత దగ్గరికి వచ్చేసరికి ఎవరి వేలు ఎవరి వైపు చూపిస్తుందో చెప్పలేం. గనుల శాఖ లీజు అయిపోయిందంటుంది. రెవెన్యూ శాఖ అది పరంపోగు అంటుంది, లేదా పట్టా అంటుంది. పంచాయతీ తన దగ్గర పైసలు లేవంటుంది. తిలాపాపం తలా పిడికెడు.

బోరు గుంతల విషయంలో దేశం ఒక పద్ధతికి వచ్చిన సంగతి గుర్తు చేసుకోవాలి. మూత లేని బోర్లలో పసిపిల్లలు పడి చనిపోతుంటే సుప్రీంకోర్టు 2010లో కంచె, బోర్డు, మూత, పూడ్చివేత అంటూ వరసగా నిబంధనలు పెట్టింది. అమలు అంతంత మాత్రమే అయినా, బోరు ఎవరిది, బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నకు కనీసం జవాబు దొరికింది. ఆరంగుళాల గుంతకు ఉన్న పాటి లెక్క ఆరెకరాల గుంతకు లేకపోవడం వింతే.

ఇతర చోట్ల ఈ గుంతల నీళ్ళను వేరే కంటితో చూశారు. 2017 కరువులో చెన్నై నగరం శివార్లలోని సిక్కరాయపురం పాత రాతి క్వారీల నీళ్ళను శుద్ధిచేసి కుళాయిల్లోకి వదిలింది, రోజుకు సుమారు 3 కోట్ల లీటర్ల చొప్పున. 2019 ఎద్దడిలోనూ అవే ఆదుకున్నాయి. జార్ఖండ్‌లోని రాంగఢ్ జిల్లాలో వదిలేసిన బొగ్గు గని గుంతలో పంజరాలు కట్టి చేపలు పెంచుతున్నారు. ఇంగ్లండ్‌లోని బక్స్‌టన్ ఊరివాళ్ళది ఇంకో దారి. అక్కడి పాత సున్నపురాయి క్వారీ నీళ్ళు నీలంగా ఉన్నాయని జనం ఈతకు ఎగబడుతుంటే, అవి ఒళ్ళు కాల్చేంత క్షార గుణం ఉన్నవని ఎన్ని బోర్డులు పెట్టినా ఎవరూ వినలేదు. చివరికి 2013లో నీళ్ళలో నల్లరంగు కలిపేశారు. అందం పోయింది, ఈతగాళ్ళూ పోయారు. మొరటు ఉపాయమే కానీ, బోర్డు మీద రాతను జనం చదవరన్న నిజాన్ని ఒప్పుకున్న ఉపాయం.

ఇంతకీ ఈ వాగుల మీద, గుంతల మీద కన్నేసి ఉంచాల్సిన జనం అసలు అటువైపు ఎందుకు నడవరు?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలు మూడింటిలోనూ తెల్లవారుజామున నడిచేవాళ్ళకు కొదవ లేదు. షుగర్ ఉన్నవాళ్ళు, బీపీ ఉన్నవాళ్ళు, డాక్టర్ తిట్టినవాళ్ళు, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చి పొట్ట తగ్గించుకోవాలనుకునేవాళ్ళు కాలేజీ మైదానాల్లో రౌండ్లు కొడుతుంటారు. గానుగెద్దు తిరిగినట్టు అదే చుట్టు. ఊరి పక్కనే వాగు, చెరువు, కాలువ కట్ట ఉన్నా అటు అడుగు పడదు. దీనికి బద్ధకం ఒక్కటే కారణం అనుకుంటే ఈ ప్రాంతపు చరిత్రను మరిచినట్టే. 1978 సెప్టెంబర్‌లో వేలమంది రైతుకూలీలు కదిలిన జగిత్యాల జైత్రయాత్ర తర్వాత, ఆ అక్టోబర్‌లోనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ తర్వాత రెండు దశాబ్దాల పైచిలుకు కాలం ఈ ఊళ్ళలో చీకటిపడే వేళ గుట్ట వైపో వాగు వైపో ఊరికే నడిచిపోయే మనిషి ఒకరికి కాకపోతే ఇంకొకరికి జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది. ఎక్కడికి, ఎవరికోసం, సంచిలో ఏముంది? పనిలేకుండా నడవడం అనుమానించాల్సిన పని అయిపోయింది. ఆ భయం పోయి చాలా ఏళ్ళయింది. అలవాటు మాత్రం తిరిగి రాలేదు. మనుషులు తిరగని ఆ ఖాళీలోకి ఇసుక ట్రాక్టర్ వచ్చింది, మొరం తవ్వే జేసీబీ వచ్చింది, కోళ్ళ వ్యర్థాలు పారబోసే ఆటో వచ్చింది.

ఈ వ్యాసం వాదన కూడా అక్కడే ఉంది. రోజూ పదిమంది నడిచే కట్ట మీద రాత్రికి రాత్రి గుంత పడదు. పడినా తెల్లారేసరికి ఊరంతా తెలుస్తుంది. నడిచే బాట ఉంటే వాగుకూ గుంతకూ జీతం లేని కాపలా ఉన్నట్టే. కాబట్టి ముందు కావలసింది బాట, ఆ బాట చేరే చోట ఒడ్డు. తర్వాతే మిగతావన్నీ.

కోరుట్లకు నది లేదు, గోదావరి ఉత్తరాన దూరంగా పారుతుంది. కానీ కాలువలున్నాయి. 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ నుంచి బయల్దేరే కాకతీయ కాలువ మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల మీదుగా దిగువ మానేరు వైపు సాగిపోతుంది. మొత్తం పొడవు 284 కిలోమీటర్లు. ఎగువన మిట్ట నేలల గుండా మధ్య మానేరుకు పోయే వరద కాలువ ఇంకొకటి. కాలువ నీళ్ళు వదిలిన రోజుల్లో కట్ట మీద నడక నిజంగా బాగుంటుంది. ఒక పక్క పసుపు చేలు, మక్క చేలు, ఇంకో పక్క అడుగులో అడుగు వేస్తూ వచ్చే నీళ్ళు. తుమ్మ కొమ్మల చివర గిజిగాళ్ళ గూళ్ళు, కరెంటు తీగ మీద లకుముకి పిట్ట, కాలు మోపగానే నానా యాగీ చేసే తీతువు. అయితే కాలువకూ అదే జబ్బు ఉంది. సిమెంటు లైనింగ్ చేసిన వాలు మీద నాచు పట్టాక జారినవాడికి పట్టు దొరకదు, ప్రవాహం ఆగనివ్వదు. అంత పొడవునా కొంత కొంత దూరానికి నాలుగు మెట్లు, అడ్డంగా ఒక గొలుసు వేస్తే సరిపోయే సమస్య అది. ప్రాజెక్టుల ఖర్చులో అది ఏ మూలకు?

జగిత్యాల జిల్లాకు ఉత్తరపు హద్దు గోదావరే. ఇక్కడి జనానికి అది గంగ. ఇబ్రహీంపట్నం, మల్లాపూర్, రాయికల్, బీర్‌పూర్, ధర్మపురి మండలాల వెంట ఒడ్డు పట్టుకుని పోతుంటే అటువైపు కడెం, కవ్వాల్ అడవుల గీత కనిపిస్తుంది. బోర్నపల్లి వంతెన వచ్చాక అవతలి ఊళ్ళకు రాకపోకలు తేలికయ్యాయి. పోచంపాడు దగ్గరి శ్రీరాంసాగర్ గేట్లు మూసి ఉన్నన్నాళ్ళు నది బండల మధ్య మడుగులుగా విడిపోతుంది. గేట్లెత్తిన రోజున ఆ మడుగుల ఆనవాలే ఉండదు. ఇదీ తెలిసి మసలుకోవాల్సిన సంగతే. ఎగువ మానేరు మీద 2025 ఆగస్టు చివర్లో జరిగింది అందరూ చూశారు. పొలాలకూ పశువుల దగ్గరికీ పోయిన రైతులు నర్మాల దగ్గర హఠాత్తుగా పెరిగిన వరదలో చిక్కుకుంటే హెలికాప్టర్ దిగి వాళ్ళను బయటికి తేవలసి వచ్చింది.

ధర్మపురిలో గంగకు ఒడ్డు ఉంది, మెట్లున్నాయి, నరసింహ శతకం రాసిన శేషప్ప ఊరన్న పేరుంది. అక్కడి నుంచి దిగువకు పోతే పెద్దవాగు కలిసే చోట కోటిలింగాల. శాతవాహన రాజు శ్రీముఖుడి నాణేలు దొరికి దక్కన్ చరిత్రను ఒక మలుపు తిప్పిన నేల. ఈ నేల మీద కోట గోడల ఇటుకలు, మట్టి బావుల వలయాలు 1980 ప్రాంతంలో తవ్వకాల్లో బయటపడ్డాయి. ఎల్లంపల్లి వెనక జలాలు వచ్చాక ఆ దిబ్బల్లో కొంత భాగం నీళ్ళలో నానుతోంది. ఇంకే దేశంలోనైనా ధర్మపురి నుంచి కోటిలింగాల దాకా నది వెంట ఒక కాలిబాట ఎప్పుడో పడి ఉండేది. ఇక్కడ కారెక్కి, చుట్టు తిరిగి, గుడి ముందు దిగి, అయిదు నిమిషాలు నీళ్ళ వైపు చూసి తిరిగి వస్తున్నారు.

బాటలు కొత్తగా కనిపెట్టాల్సిన పని కూడా లేదు. నిజాం కాలపు గ్రామ నక్షాలు తీసి చూస్తే ప్రతి ఊరి నుంచీ వాగుకో, చెరువుకో, పక్క ఊరికో బండ్లబాటలు గీసి ఉంటాయి. ఎడ్లబండ్లు పోయాయి, ట్రాక్టర్లు డాంబరు రోడ్డెక్కాయి. నక్షా బాటను అటు పట్టాదారు ఒక సాలు, ఇటు పట్టాదారు ఒక సాలు కలుపుకుంటూ పోయారు. ఇవాళ ఆ బాట కాగితం మీదే ఉంది. ధరణి పోయి భూభారతి వచ్చినా రికార్డుల గొడవంతా ఎవరి పట్టా ఎంత అన్న దాని గురించే. ఊరందరి బాట ఎంత మిగిలిందన్న లెక్క ఎవరూ తీయలేదు. ఇంగ్లండ్‌లో 1932 ఏప్రిల్‌లో మాంచెస్టర్ మిల్లు కార్మికులు కొన్ని వందల మంది కిండర్ స్కౌట్ గుట్ట మీదికి జమీందార్ల కాపలాదార్లను తోసుకుంటూ నడిచారు. కొందరు జైలుకు పోయారు. 1949లో జాతీయ పార్కుల చట్టం, 2000లో పల్లె నేలల మీద నడిచే హక్కు చట్టం వచ్చాయంటే ఆ నడక వాటి వెనక ఉంది. మగ్గం మోతలో వారమంతా గడిపే మనుషులకు ఆదివారం గుట్టగాలి కావాలని అడిగిన కథ అది. సిరిసిల్ల మరమగ్గాల కార్మికుడికి అది పరాయి కథలా అనిపించకపోవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. బాట అనగానే అధికారుల ఊహ నేరుగా సుందరీకరణ మీదికి పోతుంది. గ్రానైట్ పలకలు, స్టీలు రెయిలింగ్, రంగు దీపాలు, ఐ లవ్ అని పెద్ద ఇంగ్లీషు అక్షరాలు, చివర్లో ప్రవేశ రుసుం. నీటికి కంచె వేసి, కంచెకు లైట్లు పెడితే అది ఒడ్డు కాదు. సిరిసిల్ల మానేరు మీద బతుకమ్మ ఘాట్ కట్టడం మంచిదే, సద్దుల నాడు వేలమంది ఆడపడుచులకు దిగడానికి మెట్లు కావాలి. కానీ ఏడాదిలో తొమ్మిది రోజుల పండుగ కోసం కట్టినదానితో మిగతా రోజుల బాట ముగిసినట్టు కాదు. మట్టి కట్ట చదునుగా ఉండాలి. ముళ్ళ కంపలు, ముఖ్యంగా సర్కారు తుమ్మ, ఏటా కొట్టాలి. ఉపాధి హామీ పనుల్లో ఇది పట్టని పని కాదు. ఇంతకు మించి మొదటి ఏడు ఏమీ చేయకపోవడమే మంచిది.

గుంతల విషయంలో మాత్రం మొదటి ఏడే చాలా చేయాలి. కొత్త లీజు ఇచ్చేటప్పుడూ పాత లీజు పొడిగించేటప్పుడూ గుంతకు ఒక పక్కయినా పశువు దిగి ఎక్కేంత వాలు వదలాలన్న షరతు పెట్టాలి, అది చూశాకే డిపాజిట్ తిరిగివ్వాలి. పనికిరాని రాళ్ళ కుప్పలు ఎలాగూ అంచుల్లోనే పడి ఉంటాయి. వాటినే ఒక మూలన మెట్లు మెట్లుగా పోస్తే ఆ వాలు తయారవుతుంది, బయటి నుంచి తట్టెడు మట్టి కూడా తేనక్కరలేదు. యజమాని ఎవరో తెలియని పాత గుంతలకు డబ్బెక్కడిదంటారా? గనుల ప్రభావం పడ్డ ఊళ్ళ కోసమే 2015 చట్ట సవరణతో జిల్లా మినరల్ ఫౌండేషన్ నిధి పుట్టింది. ఆ నిధి నుంచి సీసీ రోడ్లు, కమ్యూనిటీ హాళ్ళు వేసుకుంటున్న చోట గుంతకు కంచె ఎందుకు పట్టదు? చేపలు వేస్తామన్నా, నీళ్ళు తోడి పొలాలకు పారిస్తామన్నా మంచిదే, కానీ ఒడ్డు వేశాక. ఒడ్డు లేని గుంతలో చేపలు పట్టడానికి దిగేదీ మనుషులే.

2027లో గోదావరి పుష్కరాలున్నాయి. ధర్మపురి ఘాట్లకు అంచనాలు, ప్రతిపాదనలు ఎలాగూ కదులుతాయి. ఆ ఫైలులోనే ధర్మపురి నుంచి కోటిలింగాల దాకా ఒడ్డు వెంట నక్షా బాటను కొలిచి రాళ్ళు పాతే పని చేర్చవచ్చు, అదనంగా అయ్యే ఖర్చు ఒక స్వాగత తోరణానికి అయ్యేంత కూడా ఉండదు. క్వారీ గుంతల జాబితా కోసం కొత్తగా సర్వే చేయించాల్సిన అవసరమూ లేదు. ఏ ఊళ్ళో ఏ సర్వే నంబరులో ఎన్ని హెక్టార్లు, ఎవరికి, ఏ తేదీ దాకా లీజుకు ఇచ్చారో గనుల శాఖ జిల్లా కార్యాలయాల్లో కాగితాల మీద ఉంది. ఆ జాబితాను పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటించి, పక్కనే ఉన్న బడి హెడ్‌మాస్టర్‌కు ఒక ప్రతి ఇచ్చే పనిని కలెక్టర్లు ఈ ఎండాకాలం సెలవుల కంటే ముందే పూర్తి చేయాలి.